వాయనంగా కట్టిన వాయిదా

మీలో ఎవరైనా అమెరికాలో ఇన్సూరెన్స్ ఏజెంటు పనిలో చేరబోతుంటే ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మిమ్మల్ని చూసి సంతోషించే కస్టమర్ ఉండడు. కొత్త కారు కొన్నరోజు షోరూమ్ వాడితో నవ్వుతూ ఫోటో దిగిన మనిషే, మనకి ఫోన్ చేసి "అంకుల్, ఇంతకంటే తక్కువకి ఏదైనా చూడండి" అని ఏడుపు గొంతు పెడతాడు. యాక్సిడెంట్ కాకపోతే డబ్బు దండగ అంటాడు, అయితే మనల్ని తిడతాడు. ఇన్నేళ్లూ ఆ తిట్లు తిని, ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించి, ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. చేసిన పాలసీల్లో చాలావాటి పేర్లు కూడా గుర్తులేవు. ఒక్కటి మాత్రం మరవలేను. నిజానికి గుర్తున్నది పాలసీ కాదు, ఆవిడ.

నేను పనిచేసింది అట్లాంటాకి ఉత్తరాన, అల్ఫారెట్టాలో. మా ఏజెన్సీ ఓనరు అక్కడే పుట్టి పెరిగిన తెల్లాయన. మాట మెత్తన, లెక్క గట్టి. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నీ మనవాళ్లతో నిండిపోతుంటే, వాళ్లకి వాళ్ల భాషలో సర్దిచెప్పేవాడు ఒకడు కావాలని నన్ను పెట్టుకున్నాడు. సర్దిచెప్పడమే నా ఉద్యోగం అని తర్వాత తెలిసింది.

2010 చివర్లో కాబోలు, ఆవిడ మొదటిసారి మా ఆఫీసుకి వచ్చింది. కరీంనగర్ వైపు మనిషి, నలభై దాటిన వయసు. భార్యాభర్తలు కలిసి ఇండియన్ గ్రోసరీ షాపు నడిపేవాళ్లు. మార్కెట్ పడిపోయిన రోజుల్లో షాపు మునిగింది, ఇల్లు బ్యాంకు తీసుకుంది, చివరికి బ్యాంక్రప్సీ ఫైల్ చేశారు. మన వైపు దీన్ని ఐపీ పెట్టడం అంటాం. అనేటప్పుడు గొంతు తగ్గించి మూతి తిప్పుతాం. ఇక్కడి కోర్టు ఆ పనిని మర్యాదగానే జరిపిస్తుంది గానీ, మనవాళ్ల మూతులు ఇక్కడ కూడా తిరిగాయి. నిన్నటిదాకా ఆ షాపులో అరువుకి కందిపప్పు తీసుకెళ్లినవాళ్లే గుళ్లో కనబడితే పక్కకి తప్పుకునేవాళ్లని విన్నాను.

భర్త ఒక గిడ్డంగిలో పనికి కుదిరాడు. ఆవిడకి మిగిలింది ఒక పాత కారు, దాన్ని బాగా నడపగలిగే చెయ్యి. ఆ రెంటితోనే డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టింది. కొత్తగా పెళ్లయి హెచ్-ఫోర్ వీసా మీద వచ్చిన అమ్మాయిలు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు. వాళ్లకి ఉద్యోగం చేసే వీలు లేదు. కారు నడపడం రాకపోతే పాల డబ్బాకి కూడా భర్త వచ్చేదాకా ఆగాలి. భర్తలు నేర్పబోతే మొదటి మలుపులోనే కాపురం వేడెక్కేది. అందుకని అందరూ ఈవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. డ్రైవింగ్ ఆంటీ అంటే తెలియని తెలుగు ఇల్లు మా వైపు లేదు. చాటుమాటుగా కాకుండా, రాష్ట్రం ఇచ్చే నేర్పేవాళ్ల లైసెన్సు తీసుకుంది, తన సీటు కింద రెండో బ్రేకు పెట్టించింది. ఇక మిగిలింది ఇన్సూరెన్స్.

అక్కడే వచ్చింది చిక్కు. ఈ దేశంలో కారు ఇన్సూరెన్స్ ఖరీదు మీరు ఎలా నడుపుతారనే దాని మీదే ఉండదు, అప్పులు ఎలా తీరుస్తారనే దాని మీద కూడా ఉంటుంది. స్టీరింగ్ పట్టుకునే చేతికీ ఖాళీ అయిన జేబుకీ సంబంధమేమిటని మా ఓనరుతో వాదించాను. "కంప్యూటర్‌తో పోట్లాడకు, ఇంకో కంపెనీకి ఫోన్ చెయ్" అన్నాడాయన. చేశాను. బ్యాంక్రప్సీ అనగానే కొందరు కుదరదన్నారు. కొందరు ఏడాది మొత్తం ఒకేసారి కట్టమన్నారు. అంత డబ్బుంటే ఐపీ ఎందుకు పెడుతుంది? ఆఖరికి ఒక కంపెనీ ఒప్పుకుంది. మూడో వంతు ముందు కట్టాలి, మిగతాది నెలనెలా వాయిదాల్లో. షరతు ఒక్కటే. ఒక్క వాయిదా వెనక్కి తిరిగినా పాలసీ రద్దు.

ఆవిడ ప్రతినెలా గడువుకి ముందే వచ్చి కౌంటర్ దగ్గర నగదు కట్టేది. బ్యాంకులంటే నమ్మకం పోయింది పాపం. నేను రసీదు ఇస్తే దాన్ని చివరిదాకా చదివి, ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడిగేది.

"అయిపోయిందా అన్నా? ఇగ వచ్చే నెల దాకా బండికి భయం లేదు గదా?"

"లేదమ్మా, నిశ్చింతగా ఉండండి."

"నిశ్చింత నాకెక్కడిదన్నా! పక్క సీట్ల కూసొని చూడుండ్రి, తెలుస్తది."

మరుసటి ఏడాది శ్రావణమాసంలో వాయిదా కట్టడానికి వచ్చినప్పుడు, కంప్యూటర్ చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఆ నెల వాయిదా అప్పటికే కట్టేసి ఉంది. ఎవరో కంపెనీకి ఫోన్ చేసి కార్డు మీద కట్టారు. ఆవిడకి అర్థం కాలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయిలు నలుగురు కలిసి వరలక్ష్మీ వ్రతం చేసుకున్నారు. అంతకుముందు నెలల్లో, భర్త ప్రాజెక్టు పోయి ఇబ్బందుల్లో ఉన్న ఇద్దరి దగ్గర ఈవిడ ఫీజు తీసుకోలేదట. దానికి బదులు ఏం చెయ్యాలా అని ఆలోచించి, ఆంటీకి చీర పెడితే బీరువాలో పడి ఉంటుంది, ఆ డబ్బుతో ఇన్సూరెన్స్ కడదాం అనుకున్నారు. పసుపు, కుంకుమ, తాంబూలంతో పాటు రసీదు నంబరు రాసిన కాగితం వాయనంలో పెట్టి ఇచ్చారు.

"వాయనం వద్దనకూడదంటిరి. ఎవల కార్డో చెప్పుమంటే ఒక్కతన్నా చెప్పదాయె" అంది ఆవిడ. ముక్కు చీదుకుంది. నాక్కూడా కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు! అయితే ఆవిడ ఆ నెల డబ్బు ఖర్చుపెట్టలేదు. ఒక కవర్లో పెట్టి పక్కన ఉంచింది. ఆ నలుగురిలో ఎవరికి ఎప్పుడు అవసరం పడితే వాళ్లకి ఇవ్వాలని.

సెప్టెంబరులో లేబర్ డే సెలవు సోమవారం వచ్చింది. మంగళవారం ఉదయం ఆఫీసు తెరిచి, వారాంతంలో రద్దయిన పాలసీల జాబితా చూస్తుంటే, అందులో ఆవిడ పేరు కనబడింది. శనివారం నుంచి రద్దు. కంపెనీకి ఫోన్ చేస్తే విషయం బయటపడింది. శ్రావణంలో కట్టిన కార్డు తాలూకు యజమాని, ఆ ఖర్చు తాను చెయ్యలేదని, ఇది మోసమని బ్యాంకుకి చెప్పి డబ్బు వెనక్కి తీసుకున్నాడు. వాయిదా తిరిగిపోయింది. రద్దు చేస్తున్నామని కంపెనీ ముందుగా ఉత్తరం కూడా పంపింది. ఎక్కడికి? బ్యాంకు తీసేసుకున్న పాత ఇంటికి. కొత్త అడ్రస్ మేం పంపినా, అప్పుల రికార్డులోంచి ఎత్తుకున్న పాతదాన్ని వాళ్ల బిల్లింగ్ వాళ్లు మార్చుకోలేదు.

"మళ్లీ పునరుద్ధరించడం కుదురుతుందా?" అని అడిగాను.

"అండర్‌రైటర్ చూడాలి. బ్యాంక్రప్సీ ఉన్నవాళ్లకి సాధారణంగా కుదరదు. ఈరోజే వాయిదా కట్టి, శనివారం నుంచి ఇప్పటిదాకా ఏ నష్టమూ జరగలేదని సంతకం చేసి పంపండి. అప్పుడు అడిగి చూస్తాం" అంది ఫోన్లో అమ్మాయి.

అండర్‌రైటర్ అంటే ఎవరికి పాలసీ ఇవ్వాలో, ఎవరికి వద్దో తేల్చే మనిషి. ఆ మనిషి కాదంటే పరిస్థితేమిటో నాకు బాగా తెలుసు. ఐపీ ఒక మచ్చ, దాని మీద రద్దయిన పాలసీ రెండో మచ్చ. ఇక వాయిదాల మీద ఇచ్చే కంపెనీ భూమ్మీద దొరకదు. ఇన్సూరెన్స్ లేనిదే నేర్పే లైసెన్సు లేదు, నేర్పకపోతే ఆ ఇంటికి బియ్యం లేవు.

ఆవిడకి ఫోన్ చేశాను. వెనక కార్ల చప్పుడు.

"ఎక్కడున్నారమ్మా?"

"లైసెన్స్ ఆఫీస్ల ఉన్నమన్నా. రోడ్ టెస్టు. మా ముందట ఒక్కటే బండి ఉంది. నా దగ్గర నేర్చుకునే బిడ్డ స్టీరింగ్ పట్టుకొని గోవిందా గోవిందా అంటుంది."

"బండి కదపొద్దు."

చెప్పవలసింది చెప్పాను. ఆవిడ గొంతు నాతో కాకుండా పక్కకి తిరిగింది. "ఇంజన్ ఆపు బిడ్డా. తాళం ఇటియ్యి."

ఇక్కడ మీరొకటి గమనించాలి. ఆవిడ చేతిలో ఇన్సూరెన్స్ కార్డు ఉంది. దాని మీద గడువు ఇంకా ఉంది. టెస్టు పెట్టే ఆఫీసరు ఆ కార్డు చూసి ఓకే అనేవాడు, పావుగంటలో టెస్టు అయిపోయేది. ఏమీ ఎరగనట్టు ఊరుకుంటే అడిగేవాడు లేడు. ఆవిడ ఫోన్ ఆపకుండానే కారు దిగి అతని దగ్గరికి వెళ్లింది. "సర్, మై కార్ ఇన్సూరెన్స్ కేన్సిల్డ్. జస్ట్ నౌ ఐ కేమ్ టు నో. నో టెస్ట్ టుడే, సారీ" అనడం నాకు వినబడింది. అతనూ ఇంకో మనిషీ కలిసి కారుని పార్కింగ్‌లోకి తోసిపెట్టారు. ఇంజన్ వెయ్యడానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు.

నేను కాగితాలు పట్టుకుని అక్కడికి చేరేసరికి, పక్కనున్న చెట్టు నీడలో ఆ అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తోంది. రాజమండ్రి పిల్ల, ఇరవై ఆరో ఏడో ఉంటాయి. టెస్టు పోయినందుకు కాబోలు అనుకున్నాను.

"నాదే అంకుల్ ఆ కార్డు. అంటే మా ఆయనది" అంది. "మిగతా ముగ్గురూ క్యాష్ నాకిచ్చేశారు. బిల్లు వచ్చినప్పుడు చెప్పి ఆ క్యాష్ ఆయనకి ఇచ్చేద్దామనుకున్నాను. ఆయన ముందే చూసేసి ఫ్రాడ్ అనుకుని బ్యాంకుకి ఫోన్ చేసేశారు. నేను చెప్పలేదు, ఆయన నన్ను అడగలేదు."

డ్రైవింగ్ ఆంటీ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. "తెల్వని ఖర్చు కనవడితే ఎవడైనా గదే చేస్తడు. మంచిగనే చేసిండు. ఏడ్వకు" అంది. నేనైతే ఆ మొగుణ్ణి ఈపాటికి నాలుగు అనేసి ఉండేవాణ్ణి.

హ్యాండ్‌బ్యాగులోంచి కవరు తీసింది. పక్కన పెట్టిన ఆ నెల డబ్బు. వాయిదా గండం గట్టెక్కింది. ఇక సంతకం ఒక్కటే మిగిలింది. కాగితం ఇచ్చి ఎక్కడ చెయ్యాలో చూపించాను. ఆవిడ అలవాటు ప్రకారం చివరిదాకా చదివింది.

"శనివారం సంది ఏ యాక్సిడెంటూ కాలేదని రాసుంది గదన్నా. అయింది."

"ఏమయింది?" అన్నాను.

"ఆదివారం ఒక ఇంటి ముందట మెయిల్‌బాక్స్‌కి తాకింది. అది విరిగి పడ్డది. బండి అద్దం మీద గీత పడ్డది."

ఆ అమ్మాయి ఇంకా గట్టిగా ఏడ్చింది. "అదీ నేనే అంకుల్!"

జరిగిందిది. మలుపు తిప్పబోయి పిల్ల ఉత్తరాల డబ్బా స్తంభాన్ని పడగొట్టింది. ఆంటీ వెంటనే బండి ఆపించి, పిల్లని వెంట తీసుకుని వెళ్లి ఆ ఇంటి తలుపు కొట్టింది. ఇంటి ముసలాయనకి క్షమాపణ చెప్పి, దుకాణం నుంచి కొత్త డబ్బా కొనుక్కొచ్చింది. సాయంత్రం ఆవిడ భర్త వెళ్లి పాతాడు. ముసలాయన వాళ్లకి చల్లటి టీ ఇచ్చి పంపాడు. ఇది నష్టమా? మా ఓనరుకి ఫోన్ చేసి అడిగాను. ఆయన చాలాసేపు మూలిగాడు. "ఎవరూ క్లెయిమ్ వెయ్యలేదు, వెయ్యరు కూడా. కానీ ఆ కాగితం మీద అడిగిన ప్రశ్న క్లెయిమ్ గురించి కాదు. ఏం చేస్తుందో ఆమెనే చెప్పమను" అన్నాడు.

ఆ మాటే ఆవిడకి చెప్పాను. రాస్తే పాలసీ పోవచ్చని కూడా చెప్పాను.

"అన్నా, నేను ఈ పిల్లలకు ఏం నేర్పుతున్న? తాకితే ఆగాలె, దిగాలె, పోయి తలుపు కొట్టాలె అని. మొన్న ఈమెతోని కొట్టించిన. ఇయ్యాల ఈమె ముందట్నే నేను ఏం కాలేదని సంతకం పెడితే, రేపటి సంది పక్క సీట్ల ఏం మొకం పెట్టుకొని కూసోవాలె? ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి. పోతే పోతది."

పోతే పోతది అన్న మాట అనడం తేలిక. షాపు పోయి, ఇల్లు పోయి, మిగిలిన ఒక్కటీ చేతిలో పెట్టుకుని ఆ మాట అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. రాశాను. సంతకం చేసింది. ఆఫీసుకి వెళ్లి డబ్బు కట్టి, కాగితం ఫ్యాక్స్ చేసి, అండర్‌రైటర్‌కి నా సెల్ నంబరు ఇచ్చి మళ్లీ పార్కింగ్‌కే వచ్చాను. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. ఆఫీసులో కూర్చోలేకపోయాను.

ఇక ఎదురుచూపు. సెప్టెంబరైనా జార్జియా ఎండకి దయ లేదు. టెస్టు పాసయ్యాక తిందామని ఆవిడ తెచ్చిన పులిహోర ముగ్గురం తిన్నాం. మధ్యలో ఆ పిల్ల భర్త ఆఫీసు నుంచి కారులో దూసుకొచ్చాడు. మెడలో బ్యాడ్జి, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఐ యామ్ సో సారీ ఆంటీ. ఎవరో స్కామ్ చేశారనుకున్నా. ఇప్పుడే నా ఇంకో కార్డు మీద ఇయర్ మొత్తం పే చేసేస్తాను. అంకుల్, కార్డ్ నంబర్ తీసుకోండి."

"ఇంకో కార్డు వద్దయ్యా బాబూ!" అని అరిచాను. ఆ అరుపుకి ఏడుస్తున్న పిల్ల కూడా నవ్వింది.

ఆవిడ అతన్ని పక్కన కూర్చోబెట్టి పులిహోర పెట్టింది. "నువ్వు బ్యాంకుకు చేసిన ఫోన్ తప్పు కాదు బాబూ. కాకపోతే ముందుగాల ఇంటికి ఒక ఫోన్ చెయ్యాలె. మోసం చేసినోన్ని పట్టుకునేటందుకు అంత తొందర, పక్కనున్న మనిషిని అడిగేటందుకు తీరలేదా?" అతను తల వంచుకుని తిన్నాడు.

మధ్యాహ్నం తిరిగాక అండర్‌రైటర్ ఫోన్ చేసింది. వేరే రాష్ట్రం నుంచి, పెద్దావిడ గొంతు. ఈ మెయిల్‌బాక్స్ సంగతి రాసిన మనిషితోనే మాట్లాడాలంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆంటీకి ఇచ్చాను.

"ఆ ఇంటాయన మీ మీద ఏమైనా క్లెయిమ్ వేశాడా?"

"నో మేడమ్. మై హజ్బెండ్ పుట్ న్యూ బాక్స్. ఓల్డ్ వన్ లిటిల్ బెండ్ ఉండె. న్యూ వన్ స్ట్రెయిట్. హీ ఈజ్ హ్యాపీ."

"మరి ఎవరూ అడగని దాన్ని ఎందుకు రాశారు?"

"పేపర్ ఆస్క్‌డ్, మేడమ్."

అవతలావిడ కొంచెం ఆగమంది. సంగీతం వచ్చింది. ఆ సంగీతం వింటూ నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకునే ధైర్యం లేదు. మళ్లీ ఆ గొంతు వచ్చింది.

"ఈ సీట్లోనే నా తల నెరిసిపోయింది. ఈ కాగితం మీద అవును, జరిగింది అని రాసిన మనిషిని మొదటిసారి చూస్తున్నాను. మీ పాలసీ శనివారం నుంచే కొనసాగుతుంది. మధ్యలో ఖాళీ లేదు. వాయిదాలు ఎప్పటిలాగే కట్టుకోండి. అడ్రస్ నేనే మారుస్తాను, చెప్పండి."

ఆంటీ అడ్రస్ చెప్పింది, థాంక్యూ మేడమ్ అంది, ఫోన్ నా చేతికిచ్చింది. అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. ఆ పిల్ల ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది.

"ఇక తియ్యండమ్మా కారు" అన్నాను.

"కాగితం చేతికి రానియ్యన్నా."

నాకు కోపం రాలేదు. మళ్లీ ఆఫీసుకి వెళ్లి, కొత్త కార్డు ప్రింటు తీసి, పరుగున తెచ్చిచ్చాను. ఆవిడ చదివింది, చివరిదాకా. అప్పటికి లైసెన్స్ ఆఫీసు మూసేస్తున్నారు. భర్త తన కారు తలుపు తీసి భార్యని పిలిచాడు. "పద, ఇంటికెళ్దాం. అలిసిపోయావు."

ఆంటీ తాళం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఆమె నా బండి నడుపుకుంట వస్తది బాబూ. నువ్వు ఎనక రా."

"ఇప్పుడా ఆంటీ? ఆఫీసులు వదిలే టైమ్. ట్రాఫిక్ చాలా ఉంటుంది."

"ట్రాఫిక్ ఉంటదనే చెప్తున్న. ఇయ్యాల నడపకపోతే ఇగ ఎన్నడు నడపదు."

ఆ పిల్ల ఏడ్చి ఉబ్బిన కళ్లతోనే సీటు జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది. ముందు వాళ్ల కారు, దాని వెనక అతని కారు, చివర నాది. పెళ్లివారి ఊరేగింపులా మెల్లగా పార్కింగ్ దాటాం. పెద్ద రోడ్డు ఎక్కే చోట ఆమె ఆగింది. కార్లు ఆగకుండా పోతున్నాయి. ఒక సందు దొరికింది, ఆమె కదల్లేదు. ఇంకొకటి దొరికింది, కదల్లేదు. నా వెనక ఎవరో విసుక్కుంటున్నారు. నా ముందున్న కారులో భర్త చెయ్యి హారన్ మీదికి వెళ్లడం కనబడింది. అక్కడే కాసేపు ఉంది. కొట్టలేదు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తర్వాత ఆమె ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది, మళ్లీ ఎడమవైపు చూసి, రోడ్డు ఎక్కింది.